ఊరు కదిలిన కథ: ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య

విజయపురి సౌత్‌లో నివసించే వారికి ఊళ్ళు కదలిపోవడమనేది చరిత్ర గ్రంథాలలో మాత్రమే కనబడే విషయం కాదు. లాంచీ ఎక్కి నాగార్జునకొండకు పోయేటప్పుడు మనం ఒక లోయమీదుగా పయనిస్తున్నాం. ఆ లోయలో ఒకనాడు ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి విలసిల్లింది. తరువాతి శతాబ్దాలలో అక్కడ పల్లెలు వెలిశాయి, పొలాలు పండాయి. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరానికి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. ఆ నడుమ కాలంలో ప్రాచీన బౌద్ధ కట్టడాలను కొన్నింటిని జాగ్రత్తగా విప్పి, కొలతలు వ్రాసుకొని, కొండమీదను, అనుపు వద్దను తిరిగి నిలబెట్టారు. అది ప్రశంసనీయమైన కార్యమే. అయితే లోయలోని మనుష్యులకు అంతటి జాగ్రత్త లభించిందా అన్న ప్రశ్న మాత్రం ఈ తీరాన నిలిచిన ప్రతివారి మనస్సులోను మెదలక మానదు.

ఈ సంచికకు ఒక మహనీయుని జీవితాన్ని వ్రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరినప్పుడు మాకు స్ఫురించిన పేరు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారిది. ఆయన్ను మన పాఠ్యపుస్తకాలు స్వాతంత్ర్య సమరయోధునిగా, గొప్ప వక్తగా, చమత్కారిగా పరిచయం చేస్తాయి. అవన్నీ నిజమే. అయితే పదమూడువేల మంది జనం ఇల్లూ వాకిలీ విడిచి బయలుదేరితే, వారిని పదకొండు నెలలపాటు ఆరుబయట ఒక సమాజంగా నిలిపి ఉంచిన కార్యదక్షుడు కూడా ఆయనే. నేటి విద్యార్థులు తెలుసుకొనవలసినది ముఖ్యంగా ఈ రెండవ గోపాలకృష్ణయ్యను గురించి అని మా నమ్మకం.

గోపాలకృష్ణయ్య గారు 1889 జూన్ 2వ తేదీన కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలులో జన్మించారు. పుట్టిన మూడవనాడే తల్లి కన్నుమూసింది. మూడవ యేట తండ్రి గతించారు. పినతండ్రి, నాయనమ్మ ఆయన్ను పెంచి పెద్దచేశారు. కూచినపూడిలోను, గుంటూరులోను విద్యాభ్యాసం జరిగింది. తన ఇల్లు అని చెప్పుకొనదగిన ఇల్లు పసితనంలోనే పోగొట్టుకొని, బంధువుల ఆదరణ నీడలో పెరిగిన వ్యక్తి ఆయన. ఇతరుల గడపలో ఆశ్రయం పొందడమంటే ఏమిటో ఆయనకు బాల్యంనుండే అనుభవమని మనం గుర్తుంచుకోవాలి.

చదువు ముగిసిన పిమ్మట బాపట్ల తాలూకా కచేరీలో ఒక సంవత్సరం కొలువు చేశారు. ఆ కొలువు ఆయన స్వభావానికి సరిపడలేదు. 1911లో మిత్రుడు నడింపల్లి నరసింహారావు గారి తోడ్పాటుతో స్కాట్లండుకు వెళ్ళి, ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. పట్టం పొందారు. అక్కడ ఆయన పాశ్చాత్య విద్యతోనే తృప్తిపడలేదు. సింహళ దేశీయుడైన సుప్రసిద్ధ కళామర్మజ్ఞుడు ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణాన్ని ఆంగ్లంలోకి అనువదించారు. ఆ గ్రంథాన్ని 1917లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణశాల ప్రకటించింది. అప్పటికి గోపాలకృష్ణయ్య గారికి ముప్పై యేండ్లు కూడా నిండలేదు.

అంతటి విద్వత్తు గల వ్యక్తి స్వదేశానికి తిరిగివచ్చి, పెద్ద ఉద్యోగం చూసుకొని సుఖంగా ఉండవచ్చు. ఆయన కొంతకాలం రాజమహేంద్రవరంలోను, బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలోను అధ్యాపకత్వం వహించారు. ఎక్కడా ఎక్కువకాలం నిలవలేదు. చివరకు చీరాల చేరి, అక్కడ ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి అనే సంస్థను నెలకొల్పారు. సాహిత్యం, సంగీతం, జానపద కళలు జనసామాన్యానికి చెందాలని ఆయన ఆశయం. తోలుబొమ్మలాటను, వీధి భాగవతాన్ని పండిత సభలలో కూర్చోబెట్టి గౌరవించిన తొలితరం విద్యావంతులలో ఆయన ఒకరు. సభలో ఆయన లేచి నిలిస్తే ఆశువుగా పద్యం దొర్లేది, నవ్వు వెల్లివిరిసేది. ఆ నవ్వు వెనుక నిశితమైన ఆలోచన ఉండేది.

ఇక చీరాల సంగతి చెప్పుకొనవలసి ఉన్నది. చీరాల, పేరాల అప్పట్లో గుంటూరు జిల్లా బాపట్ల తాలూకాలో పక్కపక్కనే ఉన్న ఊళ్ళు. రెండింటి జనాభా కలిపి సుమారు 15,000. వారిలో చేనేత కార్మికులే అధికం. ఆ ఊళ్ళు ఒక యూనియను పాలనలో ఉండేవి. పన్నుల భారం స్వల్పంగా ఉండేది. 1919-20 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం వాటిని మునిసిపాలిటీగా మార్చింది. పన్నులు అనేక రెట్లు పెరిగాయి. మాకు మునిసిపాలిటీ వద్దని ప్రజలు అర్జీల మీద అర్జీలు పెట్టుకొన్నారు. ఆ అర్జీలు అరణ్యరోదనమయ్యాయి. పన్ను చెల్లించని వారిపై కేసులు నడిచాయి. కొందరు చెరసాలకు పోయారు; వారిలో ఒక స్త్రీ కూడా ఉన్నది.

గోపాలకృష్ణయ్య గారు ఈ ఉద్యమానికి సారథి అయ్యారు. ఆయన రామదండు అనే స్వచ్ఛంద సేవాదళాన్ని తయారుచేశారు. సుమారు వెయ్యిమంది యువకులు కాషాయ వస్త్రాలు ధరించి, క్రమశిక్షణతో మెలగుతూ ఆయన మాటను శిరసావహించేవారు. 1921 మార్చి చివర బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘం సమావేశమైనప్పుడు పోటెత్తిన జనసమూహాన్ని అదుపులో ఉంచే బాధ్యతను ఈ రామదండు నిర్వహించి, అందరి మన్ననలకు పాత్రమైంది. ఆ సమావేశం ముగిసిన కొద్దిరోజులకే, ఏప్రిల్ 6వ తేదీన, గాంధీజీ చీరాల వచ్చారు. ప్రజలకు రెండు దారులున్నాయని ఆయన సూచించారు. అహింసతో పన్ను నిరాకరించి శిక్షలను సహించడం ఒకటి. మునిసిపాలిటీ పొలిమేర దాటి ఊరినే విడిచిపోవడం మరొకటి. ఏ దారి పట్టినా ఆ భారం తామే మోయాలి గాని, కాంగ్రెసు మీద ఆశ పెట్టుకొనరాదని కూడా ఆయన స్పష్టం చేశారు. ఈ చివరి మాట చాలా ముఖ్యమైనది. దీనిని పాఠకులు మనస్సులో ఉంచుకొనవలెనని కోరుతున్నాము.

చీరాల ప్రజలు రెండవ దారిని ఎన్నుకొన్నారు. 1921 ఏప్రిల్ 25వ తేదీన ఊరు కదిలింది. పదిహేనువేల మందిలో దాదాపు 13,000 మంది మునిసిపాలిటీ హద్దు దాటి, ఆరుబయలులో పాకలు వేసుకొన్నారు. ఆ కొత్త ఊరికి రామనగరమని పేరు పెట్టుకొన్నారు.

ఈ సంఘటనను తలచుకొన్నప్పుడల్లా మనకు ఉత్సాహం కలుగుతుంది. ఆ ఉత్సాహంలో ఆ ప్రజలు పడిన కష్టాన్ని మరచిపోకూడదు. చేనేతవాని ఇల్లు కేవలం నివాసం కాదు. అది అతని కార్ఖానా. గుంటమగ్గం అంటే ఇంటి నేలలో త్రవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకొని నేసే మగ్గం. దానిని మంచంలాగా ఎత్తి భుజాన వేసుకొని పోవడం సాధ్యం కాదు. కొత్తచోట మళ్ళీ గుంట త్రవ్వాలి. మీద చూరు ఉండాలి. పడుగును బారుగా సాచి గంజి పెట్టుకొనడానికి వీధి పొడవునా చదునైన నేల, ఎండ, గాలి కావాలి. వాన కురిసిన నాడు ఆ పని సాగదు. పని సాగని నాడు పొయ్యి వెలగదు. ఏప్రిల్‌లో బయలుదేరిన వారు వేసవి ఎండలను పాకల క్రింద గడిపారు. తరువాత వానలను, ఆపైన చలిని చవిచూశారు. ఊరు విడిచిన వానికి మొదట పోయేది గోడలు కావు, జీవనోపాధి అని రామనగరం కథ మనకు బోధిస్తుంది.

ఇటువంటి స్థితిలో పదమూడువేల మంది ఒక్కచోట కలహించకుండా బ్రతకడమే ఒక వింత. ఆ వింత దానంతట అది జరుగలేదు. గోపాలకృష్ణయ్య గారు రామనగరంలో అన్ని కులాల ప్రతినిధులతో ఒక సభను ఏర్పరచారు. తగవులు తీర్చుకొనడానికి ప్రభుత్వ న్యాయస్థానాలకు పోకుండా పంచాయతీ న్యాయస్థానాన్ని నెలకొల్పారు. రామదండు కాపలా కాసింది. జనం చెదరిపోకుండా ఉండడానికి భజనలు, ఉపన్యాసాలు, ప్రదర్శనలు తోడ్పడ్డాయి. తోలుబొమ్మలాటలోని శక్తిని గుర్తించిన విద్వాంసునికి, ఆరుబయట పడుకొన్న జనానికి అన్నంతోపాటు ఒక ఆట, ఒక పాట కూడా అవసరమని ఎవరూ చెప్పవలసిన పని లేదు. నిర్వాసితులను జాలితో చూసేవారు అనేకులు. వారిని పౌరులుగా చూసి, తమ వ్యవహారాలను తామే నడుపుకొనే అధికారం ఇచ్చేవారు అరుదు. గోపాలకృష్ణయ్య గారు ఆ అరుదైన వారిలో ఒకరు.

అయితే పాకలు వేసుకొన్న జనానికి నెలల తరబడి సాయం కావాలి. గాంధీజీ ముందే చెప్పినట్లు ఆ సాయం కాంగ్రెసు నిధినుండి రాదు. కనుక నాయకుడే జోలె పట్టుకొని ఆంధ్రదేశమంతటా తిరుగవలసి వచ్చింది. ఆ ప్రయత్నంలోనే ఆయన గంజాం జిల్లాలోని బరంపురం వెళ్ళారు. అక్కడ ఆయన సభలో మాట్లాడరాదని అధికారులు నిషేధాజ్ఞ ఇచ్చారు. ఆయన ఆ ఆజ్ఞను ధిక్కరించి మాట్లాడారు. ఒక సంవత్సరం జైలుశిక్ష పడింది. తిరుచిరాపల్లి చెరసాలకు పంపారు.

నాయకుడు చెరసాలలో, ప్రజలు పాకలలో ఉన్నారు. ఆ తరువాత కూడా రామనగరవాసులు కొన్ని నెలలు నిలిచారు. ఆ నిలకడను ఎంత మెచ్చుకొన్నా తక్కువే. అదే సమయంలో గుంటూరు జిల్లాలోనే పెదనందిపాడు ప్రాంతంలో పన్నుల నిరాకరణ ఉధృతంగా సాగింది. మన పల్నాడులో అడవి పుల్లరికి వ్యతిరేకంగా రైతులు లేచారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు వద్ద కన్నెగంటి హనుమంతు గారు పోలీసు తుపాకులకు బలి అయ్యారు. ఆ నెలలోనే చౌరీచౌరా సంఘటన కారణంగా గాంధీజీ సహాయనిరాకరణను నిలిపివేశారు. దేశమంతటా నిరుత్సాహం ఆవరించింది. ప్రతి ఊరికీ దాని కష్టం దానికే ఉన్నది. రామనగరం వైపు చూసేవారు తగ్గారు. పదకొండు నెలలు గడిచిన పిమ్మట ప్రజలు ఒక్కొక్కరుగా పాత ఇళ్ళకు తిరిగివచ్చారు. మునిసిపాలిటీ నిలిచింది, పన్నులు చెల్లించక తప్పలేదు.

ఈ పరాజయానికి కారణమేమిటి? నాయకుడు చెరసాలకు పోవడమే కారణమని సాధారణంగా చెబుతారు. ఆ మాటలో సత్యం ఉన్నది. కాని ఒక్క మనిషి చెరసాలకు పోతే పదమూడువేల మంది ఆశ్రయం కూలిపోయిందంటే, ఆ ఆశ్రయం ఒక్క మనిషి భుజాలమీదనే నిలిచి ఉన్నదన్నమాట. అది ఆయన గొప్పతనానికి నిదర్శనం కావచ్చు. చుట్టుపక్కల వారి లోపానికి కూడా నిదర్శనమే. బాపట్ల, ఒంగోలు, గుంటూరు, తెనాలి, బెజవాడ మొదలైన పట్టణాలు ఏ నెల ఎవరు బియ్యం పంపాలో, నేసిన బట్టను ఎవరు కొనాలో ముందే ఒక ఏర్పాటు చేసుకొని ఉంటే చరిత్ర మరొకలా ఉండేదేమోనని మాకు అనిపిస్తుంది. ఊరు విడిచి బయలుదేరడం విడిచేవారి ధైర్యంమీద ఆధారపడి ఉంటుంది. బయట నిలిచి ఉండడం మాత్రం ఇరుగుపొరుగు వారి ఏర్పాటుమీద ఆధారపడి ఉంటుంది. చందా ఉత్సాహం చల్లారితే ఆగిపోతుంది, ఏర్పాటు ఆగదు.

ఈ సత్యాన్ని ఆ కాలపు మరొక ఘటన కూడా ధ్రువపరుస్తుంది. చీరాల కదలడానికి ఒక సంవత్సరం ముందు, 1920 వేసవిలో, ఖిలాఫత్ ఉద్యమకాలంలో సింధు, పంజాబు, సరిహద్దు రాష్ట్రాల ముస్లిములు వేల సంఖ్యలో హిజ్రత్ పేరుతో ఆఫ్ఘనిస్తానానికి బయలుదేరారు. భూములు, పశువులు వచ్చిన ధరకు అమ్ముకొని, ఎడ్లబండ్లమీద ఖైబరు కనుమ దాటారు. అమీరు అమానుల్లా మొదట వారిని ఆహ్వానించాడు. కాని వచ్చినవారి సంఖ్య చూసి, ఆ పేద రాజ్యం తట్టుకొనలేక, ఆగస్టులో ఆ రాకను నిలిపివేసింది. చాలామంది ఆకలితో, వ్యాధులతో దారిలోనే ప్రాణాలు విడిచారు. తిరిగివచ్చిన వారికి అమ్ముకొన్న పొలాలు లేవు. ఇక్కడ కూడా ధైర్యానికి లోటు లేదు, ఆహ్వానానికి లోటు లేదు. ఎంతమంది వస్తారు, ఎక్కడ ఉంటారు, ఏమి తింటారు అన్న లెక్కకే లోటు వచ్చింది.

హిజ్రత్ అన్న పదానికి మూలమైన ప్రయాణాన్ని ఇక్కడ స్మరించుకొనడం ఉచితం. క్రీ.శ. 622లో ప్రవక్త మహనీయులు, వారి సహచరులు మక్కానుండి మదీనాకు తరలినప్పుడు, వచ్చినవారిని ముహాజిరులని, ఆదరించిన మదీనావాసులను అన్సారులని పిలిచారు. అన్సార్ అంటే తోడ్పడేవారని అర్థం. అక్కడ జరిగిన ఏర్పాటు గమనింపదగినది. ఒక్కొక్క ముహాజిరును ఒక్కొక్క అన్సారీతో సోదరునిగా జతచేశారు. వచ్చినవారి బాధ్యత అందరిదీ అని చెప్పి ఊరకుండక, ఎవరి బాధ్యత ఎవరిదో నిర్ణయించారు. ఆశ్రితులు కూడా భిక్షకోసం చేయి చాచక, అంగడికి దారి అడిగి వ్యాపారాలు చేసుకొన్నారు. అందరి బాధ్యత అన్నది ఎవరి బాధ్యతా కాకుండా పోయే ప్రమాదాన్ని ఆనాటి వారు గ్రహించారని ఈ చరిత్రవల్ల తెలుస్తున్నది.

రామనగరంలో పాకలు వేసిన 1921లోనే, యూరపులో నానాజాతి సమితి నార్వే దేశీయుడైన ఫ్రిడ్‌జోఫ్ నాన్సెన్‌ను రష్యా శరణార్థుల హైకమిషనరుగా నియమించింది. ఆయన ధ్రువప్రాంతాలను పరిశోధించిన సాహసి. విప్లవం, అంతర్యుద్ధం కారణంగా దేశం విడిచిన లక్షలాది రష్యన్లకు అప్పుడు ఏ దేశపు పత్రమూ లేదు. పత్రం లేనివాడు సరిహద్దు దాటలేడు, పని సంపాదించుకొనలేడు. 1922లో నాన్సెన్ ఒక చిన్న గుర్తింపు పత్రాన్ని రూపొందించి, దానిని గౌరవించడానికి పలు ప్రభుత్వాలను ఒప్పించారు. నాన్సెన్ పాస్‌పోర్టు అని దానికి పేరు వచ్చింది. ఆ సంవత్సరమే ఆయనకు నోబెల్ శాంతి బహుమానం లభించింది. ఒక్క కాగితం అనేక దేశాల ఒప్పందంవల్ల అన్నమయింది, పని అయింది, గౌరవమయింది. చీరాలకు కొరవడినది సరిగ్గా ఇటువంటి పరస్పర ఒప్పందమే.

తరువాతి కాలంలో ఇరుగుపొరుగు దేశాలు ఇటువంటి ఒప్పందాలు కొన్ని చేసుకొన్నాయి. ఆఫ్రికా దేశాలు 1969లో శరణార్థులను గురించి ఒక ఉమ్మడి ఒడంబడికకు వచ్చాయి. లాటిన్ అమెరికాలో 1984లో కార్టజీనా ప్రకటన వెలువడింది. మన దక్షిణాసియాలో మాత్రం అటువంటి ఉమ్మడి ఒడంబడిక ఏర్పడలేదు. 1947లో దేశ విభజన, 1971లో తూర్పు బెంగాలునుండి దాదాపు కోటిమంది రాక వంటి మహావిపత్తులను మనదేశం తన మానవత్వంతో, తన శక్తితో ఎదుర్కొన్నది. బెంగాలునుండి వచ్చిన వారికి ఒక్క పశ్చిమ బెంగాలే కాక, దండకారణ్యంలో ఇతర రాష్ట్రాలు కూడా చోటిచ్చాయి. తెలంగాణలోని కాగజ్‌నగర్ వద్ద ఈస్‌గాం ప్రాంతంలో నేటికీ బెంగాలీ కుటుంబాలు నివసిస్తున్నాయి. 1942లో జపాను దాడికి బర్మా విడిచి, అడవులు, కొండలు దాటి కాలినడకన వచ్చిన వారిలో తెలుగు కూలీలు కూడా ఉన్నారని మన పెద్దలకు తెలుసు. అందుచేత ఇది పరాయివారి కథ కాదు.

మళ్ళీ మన కథానాయకుని వద్దకు వద్దాం. శిక్ష ముగించుకొని గోపాలకృష్ణయ్య గారు బయటకు వచ్చారు. రామనగరం అప్పటికి లేదు. మరొకరైతే కృంగిపోయేవారు. ఆయన దేశసేవను విడువలేదు. కాంగ్రెసులోను, తరువాత స్వరాజ్య పక్షంలోను పనిచేశారు. కాని కష్టాలు, లేమి ఆయన శరీరాన్ని కృశింపజేశాయి. క్షయవ్యాధి సోకింది. 1928 జూన్ 10వ తేదీన ఆయన పరమపదించారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పైతొమ్మిదేండ్లు మాత్రమే. ఎడింబరోలో పట్టం పొంది, హార్వర్డులో గ్రంథం అచ్చువేయించుకొన్న ఆ విద్వాంసుడు ధనం కూడబెట్టలేదు. విజయవాడలోని ఆంధ్రరత్న భవనం ఆయన పేరును నేటికీ నిలుపుతున్నది.

ఆయన జీవితాన్ని విజయమందామా, వైఫల్యమందామా? పన్ను రద్దు కాలేదు గనుక వైఫల్యమని లెక్కలవారు అనవచ్చు. మేము అలా తలంచము. ఇల్లు పోగొట్టుకొన్నంత మాత్రాన మనిషి సభ్యత, న్యాయం, కళ పోగొట్టుకొనడని రామనగరం పదకొండు నెలలపాటు నిరూపించింది. ఆ నిరూపణ చెరిగిపోదు. ఆయన చేయగలిగినది ఆయన చేశారు. చేయవలసిన మిగతా సగం పొరుగువారిది.

ఈ మాట చెప్పిన పిమ్మట మన ఊరిని గురించి చెప్పకుండా ఉండలేము. సాగరం నిర్మాణం రెండు రాష్ట్రాల సహకారంతో ప్రారంభమైంది. 1955లో ఈ గట్టు ఆంధ్రరాష్ట్రం, ఆ గట్టు హైదరాబాదు రాష్ట్రం. 1956లో రెండు గట్లు ఒకే రాష్ట్రమయ్యాయి. 2014లో మళ్ళీ రెండు రాష్ట్రాలయ్యాయి. నీటిని పంచుకొనడానికి ఎన్నో సంఘాలు, ఒప్పందాలు, లెక్కలు ఉన్నాయి. ఆ నీటికోసం ఊళ్ళు విడిచిన వారి విషయంలో మాత్రం, ఆనాడు అమలులో ఉన్న 1894 నాటి భూసేకరణ చట్టం పొలానికి, ఇంటికి ధర కట్టి ఊరుకొన్నది. పునరావాసం నిర్వాసితుని హక్కు అని చెప్పే చట్టం 2013లో గాని రాలేదు. గట్టు పూర్తయిన దాదాపు అర్ధశతాబ్దానికి వచ్చిన జ్ఞానం అది.

మా తరగతిగదిలో కూర్చొనే విద్యార్థులలో కొందరి తాతలు నీట మునిగిన నేలనుండి వచ్చినవారు. మరికొందరి తాతలు ఆ గట్టుకు రాళ్ళు మోయడానికి దూరప్రాంతాలనుండి వచ్చినవారు. ఒకరిని ఆనకట్ట వెళ్ళగొట్టింది, ఒకరిని ఆనకట్ట పిలిచింది. ఇద్దరి మనుమలూ నేడు ఒకే బల్లమీద కూర్చొని ఉర్దూ, తెలుగు చదువుకొంటున్నారు. ఈ దృశ్యం చూసినప్పుడు మాకు రామనగరం స్ఫురిస్తుంది. ఈసారి మాత్రం ఆ నగరం కూలిపోకూడదని కోరుకొంటాము.

వలస నేటికీ ఆగలేదు. మిరపకోతల కాలంలో కర్నూలు వైపునుండి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు, పల్నాడు చేలకు వస్తాయి. పల్నాడు మెట్టగ్రామాలవారు కూడా పని వెదకుకొంటూ పట్టణాలకు పోతారు. వారిని ఎవరూ ఆజ్ఞాపించి పంపలేదు గనుక అది బలవంతపు వలస కాదని కొందరంటారు. ఎండిన బోరుబావి ఆజ్ఞ తాసిల్దారు ఆజ్ఞకంటె తక్కువదా అని మా సందేహం. ఇటువంటి కుటుంబాల పిల్లలు విద్యాసంవత్సరం మధ్యలో వస్తారు. వారి చేతిలో బదిలీ పత్రం ఉండదు. పాత బడి ఎక్కడో వంద మైళ్ళ దూరాన ఉంటుంది. మాకు తెలిసిన ఒక చోట, ఆ కాగితం లేదన్న కారణంతో ఒక బాలుని వాకిట్లోనుండే తిప్పి పంపడం మేము కన్నులారా చూశాము. నియమాన్ని పాటించిన గుమాస్తాను నిందించడం మా ఉద్దేశం కాదు. మేము కూడా ఆనాడు నోరు మెదపకుండా నిలబడి ఉన్నాము. ఆ బాలుడు మరునాడు మిరపచేలో కనిపించాడు. ఆ మౌనం మమ్మల్ని నేటికీ బాధిస్తున్నది. ఈ వ్యాసం వ్రాయడానికి అదీ ఒక కారణం.

నాన్సెన్ ఒక కాగితాన్ని సృష్టించి లక్షలమందికి దారి చూపించారు. మనం కాగితం లేదని ఒక్క బాలునికి దారి మూసివేయడం తగునా? కళాశాల పాలకవర్గ సభ్యులకు మా విన్నపం ఇదే. వలస కుటుంబాల పిల్లలు వచ్చినప్పుడు వారిని ముందు తరగతిలో కూర్చోబెట్టి, కాగితాలకోసం పాత బడికి మనమే లేఖ వ్రాసే ఏర్పాటు చేయవలెను. మాచర్ల, గురజాల, నరసరావుపేటలలోని విద్యాసంస్థలవారితో, వీలైతే ఆవలి గట్టున ఉన్నవారితో కూడా మాట్లాడి, ఒకరి విద్యార్థిని ఒకరు స్వీకరించే పద్ధతిని నిర్ణయించుకొంటే మరింత మేలు. దీనికి పెద్ద నిధి అక్కరలేదు. ఒక రిజిస్టరు, కొన్ని తపాలా బిళ్ళలు, బాధ్యత వహించే ఒక వ్యక్తి చాలు. ఆ బాధ్యతను మేము వహించడానికి సిద్ధంగా ఉన్నాము.

విద్యార్థులారా! మీలో ప్రతి ఒక్కరూ కొత్తగా వచ్చిన ఒక్క సహాధ్యాయికి పాఠాలు చెప్పి, నోటుపుస్తకం ఇచ్చి, ఊరి దారులు చూపించే భారం తీసుకొంటే, మదీనాలో అన్సారులు చేసినది ఈ చిన్న ఊరిలో మళ్ళీ చేసినవారవుతారు. రామనగరానికి దొరకని పొరుగు సాయం మన తరగతిగదినుండైనా మొదలు కావలెనని ఆశిస్తున్నాము.